నాలుగేళ్ల సర్వీసు లెక్క దొరకని పోర్షే 911 కారు కొన్నాను: నా అనుభవం

ఫైలు నా చేతికిచ్చి "అన్నీ ఇందులోనే ఉన్నాయండీ" అన్నాడు ఓనరు. ఫైలు లావుగానే ఉంది. సగం దాకా తిరగేశాక 2013 అక్టోబరు బిల్లు వచ్చింది, దాని వెనక కాగితం తిప్పితే నేరుగా 2018 మార్చి. రెండు కాగితాలు అంటుకుపోయాయేమోనని వేలు తడి చేసుకుని మళ్లీ తిప్పా. ఏమీ అంటుకోలేదు. నాలుగేళ్ల పైచిలుకు ఆ కారుకి ఎవరు ఏం చేశారో, అసలు చేశారో లేదో చెప్పే ముక్క ఒక్కటి కూడా లేదు.

కారు పోర్షే 911 కరెరా ఎస్. 2009 మోడల్, 3.8 లీటర్ల ఇంజిను, ఆరు గేర్ల మాన్యువల్. నేను చూసేనాటికి పన్నెండేళ్ల బండి, 61,000 కిలోమీటర్లు తిరిగింది. ముదురు నీలం రంగు. ఎంత బాగుందో చెప్పడం మొదలుపెడితే ఇక అదే అవుతుంది కాబట్టి చెప్పను. కానీ ఒక్క మాట. ఇలాంటి కారు ముందు నిలబడ్డప్పుడు మనిషికి బుర్ర సగమే పనిచేస్తుంది, ఆ సంగతి అమ్మేవాడికి మనకంటే బాగా తెలుసు.

ఈ కారు దగ్గరికి రావడానికి ముందు ఇంకోటి చూసి వదిలేశాను, ఆ కథ ముందు చెప్పాలి, ఎందుకంటే లెక్కలో ఖాళీ ఉన్న కారుని నేను ఎందుకు సీరియస్‌గా తీసుకున్నానో దానివల్లే అర్థమవుతుంది. అది 2006 మోడల్, ఇదే తరం, ప్రకటనలో "పూర్తి సర్వీస్ హిస్టరీ" అని పెద్దగా రాశారు. వెళ్లి చూస్తే నిజంగానే సర్వీస్ బుక్కులో ప్రతి గడిలో స్టాంపు ఉంది. బాగుంది అనుకుని ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి రాత్రి తీరిగ్గా పెద్దవి చేసి చూస్తుంటే ఐదు స్టాంపుల పక్కన సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే నీలం, ఒకే ఒత్తిడి. ఆరేళ్ల తేడాలో పెట్టిన సంతకాలు అలా ఉండవు కదా. సరే ఒకే మేనేజరు ఉండొచ్చు అని సర్దిచెప్పుకుంటూ కిలోమీటర్లు చూస్తే మూడో స్టాంపు దగ్గర 52,000, నాలుగో దాని దగ్గర 49,000. కారు వెనక్కి నడిచిందేమో మరి! బిల్లులు చూపించమంటే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు "మీరు నన్ను అనుమానిస్తున్నారా" అని మొదలుపెట్టాడు. నేనింకా ఏమీ అనలేదు.

అప్పటినుంచి నాకు స్టాంపుల మీద పెద్ద గౌరవం లేదు. స్టాంపు అంటే ఎవరో ఒకరు ఒక రబ్బరు ముక్కని నొక్కారని మాత్రమే. బిల్లు వేరు. బిల్లులో ఛాసిస్ నంబరు ఉంటుంది, తేదీ, ఆరోజు ఓడోమీటరు రీడింగు, ఏ పార్టు ఎన్ని వేశారో, ఎన్ని గంటల కూలి, అన్నీ ఉంటాయి. అబద్ధపు బిల్లు తయారుచేయడం కుదరదని కాదు, కానీ అందులో వంద చోట్ల దొరికిపోవచ్చు. ఈ నీలం కారు ఫైల్లో ఉన్నవి తక్కువే అయినా అన్నీ బిల్లులు. 2009 నుంచి 2013 దాకా కంపెనీ షోరూంవి, 2018 నుంచి ఒక ప్రైవేటు మెకానిక్‌వి. ప్రతిదాని మీదా పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు, కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ. 2013 అక్టోబరులో 38,200. 2018 మార్చిలో 44,600. అంటే కాగితం లేని ఆ కాలంలో తిరిగింది 6,400 కిలోమీటర్లే.

తక్కువ తిరిగింది కదా మంచిదే అనుకుంటాం. నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ ఇలాంటి కార్లు పరిగెత్తి పాడవడం కన్నా నిలబడి పాడవడం ఎక్కువ. బ్రేక్ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది, కారు కదిలినా కదలకపోయినా, అందుకే దాన్ని కిలోమీటర్లతో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి మార్చమంటారు. రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి. టైర్లు పైకి కొత్తవాటిలా కనిపిస్తూనే లోపల ముసలివవుతాయి. ఏడాదికి పదిహేను వందల కిలోమీటర్లు తిరిగే కారుకి "ఏం తిరిగిందని సర్వీసు" అని వాయిదా వేసే ఓనర్లే ఎక్కువ.

మోడల్ గురించి కూడా కాస్త చెప్పాలి, ఎందుకంటే 2009 అని పట్టుబట్టడానికి కారణం ఉంది. 997 అని పిలిచే ఈ తరం 2004లో వచ్చింది. అప్పటి మామూలు కరెరా ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉంటుంది, దాని చివర ఒక బేరింగు. అది పోతే ఇంజినే పోతుంది. అన్నిట్లోనూ పోతుందని కాదు, చాలా కార్లు హాయిగా లక్షల కిలోమీటర్లు తిరిగాయి, కానీ పోయినప్పుడు మాత్రం చిన్న ఖర్చుతో బయటపడే దారి ఉండదు. దాంతోపాటు సిలిండరు గోడలు గీసుకుపోయే సమస్య ఒకటి. 2008లో రెండో విడత కార్లు తెచ్చినప్పుడు ఇంజినునే కొత్తగా చేశారు, పెట్రోలు నేరుగా సిలిండర్లోకి కొట్టే పద్ధతి పెట్టారు, ఆ షాఫ్టునే తీసేశారు. ఎస్ మోడల్ 355 హార్స్‌పవర్ నుంచి 385కి వెళ్లింది. నాకు ఆ ముప్ఫై హార్స్‌పవర్ కంటే లేని షాఫ్టే ముఖ్యం. చరిత్ర సరిగ్గా తెలియని కారు కొనేటప్పుడు కనీసం ఇంజినులో పుట్టుకతో వచ్చిన టెన్షన్ ఒకటి తక్కువ ఉంటుంది కదా అని.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇంజిను మూత మీద చెయ్యి పెట్టి చూశా, వెచ్చగా ఉంది. "ఇప్పుడే కాస్త తిప్పి తెచ్చానండీ, మీరొస్తున్నారని" అన్నాడు. మంచి మనసుతోనే అయ్యుండొచ్చు. కానీ వెచ్చటి ఇంజిను చాలా విషయాలు దాచేస్తుంది. రాత్రంతా నిలబడిన ఇంజిను మొదటిసారి అంటుకున్నప్పుడు వచ్చే టకటకలు, పొగ, ఊగుడు, ఇవేవీ మళ్లీ కనిపించవు. అందుకని మూడో రోజు పొద్దున్నే చెప్పకుండా వెళ్లలేను కాబట్టి చెప్పే వెళ్లా, "దయచేసి నేనొచ్చేదాకా తాళం తిప్పకండి" అని. ఈసారి చల్లగా ఉంది. స్టార్ట్ చేయగానే ఎడమ గొట్టంలోంచి చిన్న పొగ మబ్బు వచ్చి రెండు మూడు సెకన్లలో పోయింది. పడుకున్నట్టుండే ఈ ఆరు సిలిండర్ల ఇంజిన్లలో నిలబడి ఉన్నప్పుడు కొంచెం ఆయిలు సిలిండర్లోకి జారుతుంది, అది కాలి పోయే పొగ. వెంటనే ఆగితే భయం లేదు. ఆగకుండా నీలంగా వస్తూనే ఉంటే అక్కడినుంచి అలాగే ఇంటికి వెళ్లిపోవాలి.

ఇక కారు చుట్టూ తిరగడం. ఇది నాకు ఇష్టమైన భాగం, డిటెక్టివ్ పని. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. వెనక టైర్లు 4717, అంటే 2017 నలభై ఏడో వారం. ముందువి 2313. ఎనిమిదేళ్ల టైర్లు! గాడుల లోతు ఇంకా మూడు మిల్లీమీటర్లు మిగిలుంది, అందుకే ఎవరూ మార్చలేదు, కానీ టైరుని బొటనవేలితో వంచి చూస్తే గాడుల అడుగున సన్నటి పగుళ్లు. 385 హార్స్‌పవర్ కారుకి స్టీరింగు తిరిగే చక్రాల మీద ఎనిమిదేళ్ల రబ్బరు. ఓనరుని అడిగితే "అవునా, చూడలేదండీ" అన్నాడు, నిజంగానే చూడలేదని మొహంలో తెలిసింది.

ఈ కారుకి ఇంజిను వెనక, డిక్కీ ముందు. ఆ ముందు డిక్కీ మూత లోపలి వైపు ఫ్యాక్టరీ స్టిక్కరు ఉంటుంది, ఛాసిస్ నంబరూ ఆ కారుకి ఏ ఏ ఎక్స్‌ట్రాలు వేశారో వాటి కోడ్‌లూ ఉంటాయి. అది ఉంది, మిగతా కాగితాలతో కలుస్తోంది. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు ఒకటి అరువు తెచ్చుకున్నా. ఈ కారులో ఆ మూత అల్యూమినియం కాబట్టి ఇనుము మీదే పనిచేసే చవక మీటరు పనికిరాదు, అది కూడా ముందే తెలుసుకుని వెళ్లా, లేకపోతే ఏమీ రావట్లేదని అక్కడ బిక్కమొహం వేసేవాణ్ని. తలుపులు, మూత, పైకప్పు అన్నీ 110 నుంచి 140 మైక్రాన్ల మధ్య. వెనక కుడి చక్రం పైన మాత్రం 260. ఎప్పుడో గీత పడితే మళ్లీ రంగు వేశారన్నమాట. పుట్టీ పెట్టి ఉంటే ఇంకా చాలా ఎక్కువ చూపించేది. అది పెద్ద విషయం కాదనిపించి వదిలేశా.

ముందు బంపరు రెండు మూలల్లో గాలి లోపలికి వెళ్లే సందులుంటాయి, వాటి వెనకే రేడియేటర్లు. టార్చి వేసి చూస్తే ఆకులు, ఎండినవి కొన్ని, కుళ్లి నల్ల మట్టిలా అయిపోయినవి కొన్ని. పెన్నుతో గీరితే పొడిలా రాలింది. ఆ తడి మట్టి రేడియేటరుని ఏళ్ల తరబడి తింటూ ఉంటుంది. పైన మెరుస్తున్న పాలిషు చూసి, కింద ఈ ఆకుల పిడచ చూసి, పైన పటారం లోన లొటారం అంటే ఇదేనేమో అనుకున్నా.

అప్పుడు అసలు ప్రశ్న అడిగా. ఆ నాలుగేళ్లు ఏమైంది? ఓనరు తడుముకోలేదు. "నేను కొన్నది 2018లో. అంతకుముందు ఆయన దగ్గర ఏముందో నేనూ అడగలేదు, కారు చూసి పడిపోయాను" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. "బుక్కు ఎక్కడో ఉంది, వెతికి పంపిస్తా" అనే జవాబు అయితే ఆ రోజే లేచి వచ్చేసేవాణ్ని, ఎందుకంటే కారు కొన్న తర్వాత ఆ బుక్కు దొరికిన దాఖలా నేనెప్పుడూ వినలేదు. తెలియదు అని చెప్పేవాడితో బేరం ఆడొచ్చు. పాత ఓనరు నంబరు తన దగ్గర ఉందని, ఆయన ఒప్పుకుంటే మాట్లాడిస్తానని కూడా అన్నాడు. షోరూంకి కూడా నేను ఫోన్ చేశాను కానీ ఓనరు కానివాళ్లకి వివరాలు చెప్పం అన్నారు, అది న్యాయమే. ఓనరే అడిగితే 2013 తర్వాత తమ దగ్గర ఏ పనీ జరగలేదని తేల్చి చెప్పారు. తనఖా, దొంగతనం, ప్రమాదం లాంటి రికార్డులు కూడా వెతికించా, ఏమీ లేవు.

తర్వాత ఈ కార్లే చూసే మెకానిక్ దగ్గర చెకింగ్‌కి ఒప్పందం. అమ్మేవాడికి సంబంధం లేని, నేను ఎంచుకున్న మనిషి. దానికయ్యే ఖర్చు కారు ధరలో ఒక శాతం కూడా కాదు, అయినా దగ్గరికొచ్చేసరికి చాలామందికి చెయ్యి రాదు. నాకూ రాలేదు, ఒప్పుకోవాలి. ఇంజిను శబ్దం బాగుంది, ఓనరు మంచోడు, ఇంకెందుకులే అనిపించింది. మా బావ "ఆ డబ్బు మిగిలితే ఏం చేస్తావురా" అని అడిగాడు. జవాబు లేదు. వెళ్లా.

మెకానిక్ వయసులో పెద్దాయన, మాట తక్కువ. నాలుగు గంటలు పట్టింది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి సన్నటి కెమెరా పంపి సిలిండరు గోడలు ఒక్కొక్కటీ చూశాడు, పిస్టన్‌ని కిందకి దింపి మరీ. గీతల్లేవు. గాలి నింపి ఎంత లీకవుతుందో చూసే పరీక్షలో ఆరు సిలిండర్లూ నాలుగు నుంచి ఆరు శాతం మధ్యే వచ్చాయి. ప్లగ్గులు మాత్రం బల్ల మీద వరుసగా పెట్టి నన్ను పిలిచాడు. చివర్లు అరిగి గుండ్రంగా అయిపోయాయి. "ఇవి మార్చారని చెప్పాడా?" అన్నాడు. చెప్పాడన్నా. ఆయన ఏమీ అనలేదు, ఒక ప్లగ్గు తీసి నా అరచేతిలో పెట్టాడు. 2018 బిల్లు మళ్లీ చూస్తే అందులో ప్లగ్గుల మాటే లేదు, ఓనరు "సర్వీసు చేయించాను" అన్నదాన్ని నేనే "ప్లగ్గులు కూడా" అని ఊహించుకున్నా.

లిఫ్ట్ మీద కింద నిలబడి చూస్తుంటే ఇంజిను మీద వాటర్ పంపు పక్కన ఎండిన గులాబీ రంగు పొలుసు. కూలెంటు, అంటే ఇంజినుని చల్లబరిచే ద్రవం, ఎప్పుడో సన్నగా కారి ఆరిపోయిన గుర్తు. ఇప్పుడు తడి లేదు. "ఇప్పటికి బాగానే ఉంది. ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను బాబూ" అన్నాడు. రాసుకున్నా. బ్రేక్ ఆయిలుని మీటరుతో చూస్తే తేమ ఎక్కువ. బ్రేక్ డిస్కుల మీద కనీస మందం ఎంతుండాలో అచ్చు వేసి ఉంటుంది, కొలిస్తే వెనకవి ఆ అంకెకి దగ్గరగా వచ్చేశాయి.

ఆ తర్వాతే నేను వచ్చిన పని. ఈ కార్ల ఇంజిన్ కంప్యూటరు ఒక లెక్క దాస్తుంది. ఇంజిను తిరగాల్సిన వేగం దాటినప్పుడు సిలిండర్లు ఎన్నిసార్లు మండాయో ఆరు మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టులో చివరిసారి ఇంజిను ఎన్ని గంటలు నడిచి ఉన్నప్పుడు అది జరిగిందో కూడా రాసుకుంటుంది. కింది మెట్లు అంటే యాక్సిలరేటరు గట్టిగా తొక్కి లిమిటరుకి (ఇంజిను వేగం హద్దు దాటకుండా ఆపే ఏర్పాటుకి) తగిలించడం, అది మామూలే, ఈ కారు కొనేదే అందుకు. పై మెట్లు వేరు. అక్కడికి పెడల్ తొక్కితే చేరదు, లిమిటరు ఆపేస్తుంది. గేరు దింపేటప్పుడు తప్పు గేరు పడి, చక్రాలే ఇంజినుని బలవంతంగా తిప్పేస్తేనే చేరుతుంది. మాన్యువల్ కారులో ఇది చూడకుండా కొనడం అంటే కళ్లకి గంతలు కట్టుకుని కొనడమే.

ల్యాప్‌టాప్ తెర మీద వరుసలు వచ్చాయి. మొత్తం నడిచిన గంటలు 1,220. ముందు దాన్నే తీసుకుందాం. 61,000 కిలోమీటర్లని 1,220తో భాగిస్తే గంటకి సగటున 50. సిటీలోనూ హైవే మీదా కలిపి తిరిగిన కారుకి నమ్మదగిన అంకె. మీటరు వెనక్కి తిప్పి ఉంటే ఈ సగటు ఇరవైకో పాతికకో పడిపోయేది, ఎందుకంటే డాష్‌బోర్డు మీద అంకె మార్చినవాడు ఇంజిను గంటలు మార్చడం మర్చిపోతాడు. ఒకటో మెట్టు, రెండో మెట్టు నిండుగా ఉన్నాయి, మొన్నమొన్నటివే. మూడో మెట్టులో 58. నాలుగో మెట్టులో 6. ఐదు, ఆరు సున్నా. మూడు నాలుగు మెట్ల పక్కన గంటలు రెండూ ఒకటే, 811.

నాకు చెమట పట్టింది. పెద్దాయన మాత్రం పక్కన కాగితం మీద గీస్తున్నాడు. ఆరు సిలిండర్ల ఇంజిను ఒక చుట్టు తిరిగితే మూడుసార్లు మండుతుంది. కాబట్టి 6 అంటే రెండు చుట్లు. నిమిషానికి ఎనిమిది వేల చుట్ల దగ్గర రెండు చుట్లకి పట్టే కాలం సెకనులో 0.015. 58 అన్నా పందొమ్మిది చుట్లు. ఒక్కసారి ఎవరో మూడుకి బదులు రెండో గేరు వేసి వెంటనే క్లచ్ తొక్కేశారు. "తర్వాత నాలుగొందల గంటలు నడిచింది. పాడవ్వాల్సింది ఉంటే ఈపాటికి అయ్యేది" అన్నాడు. నిజమే, 811 నుంచి 1,220 దాకా 409 గంటలు, అంటే సుమారు ఇరవై వేల కిలోమీటర్లు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టక అదే లెక్క ఇంకోలా వేశా. సగటు యాభై అనుకుంటే 811 గంటలంటే దాదాపు 40,500 కిలోమీటర్లు. 38,200కీ 44,600కీ మధ్య. అంటే ఆ తప్పు గేరు పడింది బహుశా కాగితాలు లేని ఆ కాలంలోనే. ఫైలు నోరు మూసుకున్నా ఇంజిను చెప్పేసింది. సగటు అనేది ఏళ్లు మారితే కొంచెం అటూఇటూ అవుతుంది కాబట్టి ఇది అంచనాయే.

రెండ్రోజులకి పాత ఓనరుతో ఫోన్లో మాట్లాడా. మర్యాదస్తుడు. ఉద్యోగం మీద ఎక్కువ కాలం వేరే చోట ఉండేవాణ్ననీ, కారు షెడ్డులో కవరు కిందే ఉండేదనీ, వచ్చినప్పుడల్లా బయటికి తీసేవాణ్ననీ చెప్పాడు. బ్యాటరీ రెండుసార్లు పోయిందట. ఆయిలు? "ఒకసారి మార్పించినట్టు గుర్తు, బిల్లు ఉంటే వెతుకుతా." గేర్ల సంగతి అడగాలా వద్దా అని తటపటాయించి చివరికి అడిగేశా, ఎప్పుడైనా గేరు తప్పు పడిందా సార్ అని. ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత నవ్వి, "ఈ సంగతి మీకెలా తెలుసు?" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. నిజానికి ఆ నవ్వు విన్నాకే కారు కొనాలని నిర్ణయించుకున్నా.

బేరం దగ్గర నేను "హిస్టరీ లేదు, తగ్గించండి" అనలేదు, ఎందుకంటే ఆ మాటకి "అందుకే తక్కువకి ఇస్తున్నా" అనే జవాబు తయారుగా ఉంటుంది. మెకానిక్ రాసిచ్చిన కాగితం బల్ల మీద పెట్టా. ఆరు ప్లగ్గులు, బెల్టు, బ్రేక్ ఆయిలు, కూలెంటు, నాలుగు టైర్లు, వెనక డిస్కులు ప్యాడ్లతో సహా, రేడియేటర్లు విప్పి కడగడం. ఒక్కోదానికీ ఎదురుగా రేటు. నాలుగు టైర్లు ఎందుకు, వెనకవి బాగున్నాయిగా అన్నాడు ఓనరు. ముందూ వెనకా ఒకే రకం ఉండాలి కదా అన్నా. ఆ ఒక్క చోట సగం సగం అనుకున్నాం. పూర్తి కాగితాలున్న ఇలాంటి కార్ల ధర కంటే ఆయన అడిగింది ముందే ఐదు శాతం తక్కువ, చివరికి పద్నాలుగు శాతం తక్కువకి తెగింది. మా ఆవిడ "పద్నాలుగు శాతం మిగిల్చావా, పద్నాలుగు శాతం ఖర్చు కొన్నావా" అని అడిగింది. మిగిలింది ముట్టుకోకుండా విడిగా పెట్టా, మొదటి ఏడాది రిపేర్లకి.

అలా పెట్టడమే మంచిదైంది. ప్లగ్గులు వేయించేటప్పుడు వాటికి కరెంటు అందించే కాయిల్స్‌లో రెండింటికి పగుళ్లు కనిపించాయి, తడి తగిలితే ఇంజిను తడబడేది వాటివల్లే, ఆరూ మార్పించా. కారు కొనడానికి ముందే ఇంజిన్ ఆయిలుని పరీక్షకి పంపుదామనుకున్నా గానీ అమ్మకానికి పెట్టే ముందే ఓనరు కొత్తది పోయించాడు, తేనెలా ఉంది, కొత్త ఆయిలులో వెతకడానికి ఏముంటుంది. అందుకని 1,000 కిలోమీటర్లు తిప్పి అప్పుడు తీయించి చిన్న సీసాడు ల్యాబుకి పంపా. ఫిల్టరు కాగితాన్ని బ్లేడుతో కోసి, మడతలన్నీ విప్పి, కిటికీ దగ్గర ఎండలో పట్టుకుని చూశాం నేనూ పెద్దాయనా. వెన్నెలలో దుమ్ములా రెండు మూడు మెరుపులు తప్ప లోహపు ముక్కలు లేవు. ల్యాబు రిపోర్టులో ఇనుము, అల్యూమినియం మామూలు స్థాయిలోనే వచ్చాయి.

నాలుగో నెలలో వాటర్ పంపు పోయింది. పార్కింగులో కారు కింద గులాబీ రంగు మడుగు. కోపం రావాల్సింది, కానీ ఎందుకో పాత పరిచయస్తుణ్ని చూసినట్టు అనిపించింది. ఆ పొలుసు ఫొటో నా ఫోన్లో ఉంది కదా. థర్మోస్టాట్ కూడా అప్పుడే మార్పించా, రెండింటికీ విప్పేది ఒకే చోట, కూలి రెండుసార్లు ఎందుకని. విడిగా పెట్టిన డబ్బులో దాదాపు మూడొంతులు అప్పటికి అయిపోయింది. ఇంకేమీ పోలేదు ఇప్పటివరకూ. క్లచ్ కొంచెం బరువెక్కింది, అది వచ్చే ఏడాది.

ఎనిమిదో నెలలో పాత ఓనరు నుంచి ఒక ఫొటో వచ్చింది. నలిగిన బిల్లు, 2016 జూన్, 41,900 కిలోమీటర్లు, ఆయిలు, ఫిల్టరు, బ్యాటరీ. పాత డ్రాయరు సర్దుతుంటే దొరికిందట. నాలుగేళ్లలో ఒక్క ఆయిల్ మార్పిడి. ప్రింటు తీసి ఫైల్లో దాని చోట పెట్టా, 2013కీ 2018కీ మధ్య. దాని ముందు ఒక తెల్ల కాగితం కూడా చేర్చా, రేపు ఈ కారు కొనేవాడు వేలు తడి చేసుకుని వెతుక్కోకుండా. దాని మీద ఒకే ఒక్క లైను రాశా: 811 గంటలు, మూడుకి బదులు రెండు.